సంతకానికేనా భర్త?

ఏ ప్రసూతి ఆసుపత్రికైనా వెళ్లి చూడండి. లేబర్ రూమ్ తలుపు దగ్గర అమ్మ ఉంటుంది, అత్త ఉంటుంది, ఫ్లాస్కు పట్టుకుని పిన్ని ఉంటుంది. భర్తగారు మాత్రం మెట్ల దగ్గరో మందుల షాపు ముందో తచ్చాడుతుంటాడు. నర్సు పిలిస్తే పరుగెత్తుకొస్తాడు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెడతాడు. 'ఆమె రక్తం ఏ గ్రూపు?' అంటే అత్తగారి వంక చూస్తాడు! నిజానికి స్పృహలో ఉన్న మనిషి ఆపరేషన్‌కి కావాల్సింది ఆమె సమ్మతి. కానీ ఆమె కడుపు గురించి ఏమీ తెలియని మనిషి సంతకానికే విలువెక్కువ.

అతడికి ప్రేమ లేదని కాదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది తెలుగిళ్ల ఆనవాయితీ. సీమంతం కాగానే అమ్మాయి ప్రయాణం కడుతుంది. అందులో మంచీ ఉంది. అత్తింట్లో నోరు తెరిచి అడగలేనిది అమ్మను అడగొచ్చు, పగలు కాసేపు నడుం వాల్చొచ్చు. కానీ సరిగ్గా అవసరమైన నెలల్లోనే భర్త చుట్టమైపోతాడు. ఆదివారం పళ్లు తీసుకుని వస్తాడు, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాడు.

తల్లుల మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. వీటికన్నా ముందుది, వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం. అది ఇంట్లోనే జరుగుతుంది. ఎనిమిదో నెలలో తలనొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు... 'అల్లుడుగారికి ఓ మాట చెప్పి తీసుకెళ్దాం' అంటారు పెద్దలు. అల్లుడుగారు ఫోన్‌లో 'పొద్దున చూద్దాంలెండి' అంటాడు. బీపీ పెరిగితే ఈ లక్షణాలే వస్తాయని, అది గుర్రపువాతానికి దారితీయొచ్చని తెలిస్తే ఆ మాట అనడు. ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు 2005లోనే రోడ్డెక్కాయి. పిలిస్తే బండి వస్తుంది. పిలవాలి కదా!

రక్తం సంగతే చూడండి. భార్యది నెగటివ్ గ్రూపైతే భర్తదీ పరీక్షించాలి. అతడిది పాజిటివ్ అయితే బిడ్డదీ పాజిటివ్ కావచ్చు. అప్పుడు 28వ వారంలో ఒకసారి, పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోగా ఇంకోసారి ఆమెకు యాంటీ-డి ఇంజక్షన్ ఇస్తారు. లేకపోతే తొలిబిడ్డ క్షేమంగా పుట్టినా మలికాన్పులో ప్రమాదం రావచ్చు. ఇందుకు భర్త ఇవ్వాల్సింది సిరంజిలో కాస్త రక్తం, అంతే. సినిమాల్లోలాగా 'నా రక్తం ఎక్కించండి డాక్టర్' అనడం మాత్రం వద్దు. భర్త రక్తం ఎక్కిస్తే తర్వాతి కాన్పులకు చిక్కు రావచ్చని వైద్యులు సాధారణంగా ఒప్పుకోరు. బ్లడ్‌బ్యాంకుకి ఇస్తే ఇంకెవరిదో ఆమెకు అందుతుంది.

కాఠ్‌మాండూలో గర్భిణులకు భర్తలతో కలిపి ఆరోగ్య పాఠాలు చెప్పి చూశారు. 2007లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, అలా విన్నవాళ్లలో కాన్పు తర్వాత పరీక్షకు తిరిగి వచ్చినవాళ్లు ఎక్కువ. ఆసుపత్రి కాన్పులు మాత్రం పెరగలేదు. మొగుణ్ని వెంటబెట్టుకొస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడమూ అమాయకత్వమే. పైగా వెంట వచ్చినవాడే జవాబులన్నీ తనే చెప్పి, ఆమెను నోరెత్తనీయకపోతే ఆ రాక దండగ. డాక్టరు ఆమెతో విడిగా మాట్లాడే నాలుగు నిమిషాలు ఉండి తీరాలి.

కాన్పు గదిలో తోడుండే మనిషిని సర్కారీ ఆసుపత్రుల్లో అనుమతించాలని కేంద్రం 2016లో చెప్పింది. ఆ తోడు కాన్పు అనుభవమున్న ఆడమనిషై ఉండాలి. ఆడవాళ్ల మరుగుకు భంగం లేని చోట భర్తనూ రానివ్వొచ్చంది. మంచానికీ మంచానికీ మధ్య తెర లేనిచోట అతడు ఎక్కడ నిలబడాలి? పక్క మంచం మీద ఉన్నది ఇంకొకరి భార్య. తప్పంతా మగవాళ్ల మీదే నెట్టేయలేం.

కాన్పయ్యాక మొదటి 24 గంటలు రక్తస్రావం భయం ఎక్కువ. బాలింత పక్కన కూర్చునేవాళ్లు కన్నార్పకుండా కనిపెట్టుకోవాల్సిన సమయం అది. కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఇద్దరు బిడ్డల వరకూ 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. తాపీమేస్త్రీకి ఏ సెలవూ లేదు. ఆ బెంచీ మీద ఒక పూట కూర్చుంటే ఒక పూట కూలి పోయినట్టే.