8 పెడితే టవరు, 12 పెడితే శంకువు

ఎక్స్² + వై² − జెడ్² − 4ఎక్స్ + 6వై + 2జెడ్ + 8 = 0

దీని బొమ్మ ఎలా ఉంటుందో చూడగానే చెప్పగలరా? నా వల్లయితే కాదు. ఇప్పుడు చివర్లో ఉన్న 8 చెరిపేసి 12 రాయండి. తర్వాత 16 రాయండి. మూడు ఈక్వేషన్లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి, బొమ్మలు మాత్రం వేటికవే.

ఈ మధ్య ఆఫీసులో, బ్రౌజర్లో త్రీడీ సర్ఫేసులు గీసే చిన్న టూలు ఒకటి రాయాల్సొచ్చింది. ఆ పుణ్యమా అని ఎప్పుడో అటకెక్కించిన 'వర్గం పూర్తి చేయడం' మళ్ళీ కిందకి దింపాను. ఎక్స్² − 4ఎక్స్ అంటే (ఎక్స్ − 2)² − 4. వై² + 6వై అంటే (వై + 3)² − 9. జెడ్ దగ్గర కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, ముందు మైనస్ ఉంది కదా: అది −(జెడ్ − 1)² + 1 అవుతుంది. మిగిలిన అంకెలన్నీ కుడిపక్కకి తోసేస్తే,

(ఎక్స్ − 2)² + (వై + 3)² − (జెడ్ − 1)² = 4

అంతే, గుట్టు రట్టయింది. కేంద్రం (2, −3, 1). నడుము దగ్గర వ్యాసార్థం 2. పైకీ కిందకీ పోయేకొద్దీ వెడల్పవుతుంది. 8 బదులు 12 ఉంటే కుడివైపు సున్నా వస్తుంది, అంటే మొన మొన ఆనించుకున్న రెండు శంకువులు. 16 ఉంటే −4 వస్తుంది, అంటే పైన వెల్లకిలా ఒక గిన్నె, కింద బోర్లించిన ఇంకో గిన్నె, మధ్యలో ఖాళీ. కుడిపక్కనున్న అంకె గుర్తు మారితే బొమ్మ రెండు ముక్కలైపోతుందన్నమాట!

మొదటిది మనకి తెలిసిన ఆకారమే. పాల్వంచలో కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు (ఆ ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో పేల్చి కూల్చేశారు). ఆ నడుమున్న ఆకారమే హైపర్బొలాయిడ్.

సరే, ఈక్వేషన్ అర్థమైంది, ఇక గీయాలి. అందరికీ ముందు తట్టేది జెడ్ ని విడదీయడం:

జెడ్ = 1 ± √((ఎక్స్ − 2)² + (వై + 3)² − 4)

ప్లస్ కి ఒక సర్ఫేసు, మైనస్ కి ఒకటి. గణితపరంగా తప్పేమీ లేదు. కానీ గీసి చూడండి, నడుము దగ్గర ఎలక కొరికినట్టుంటుంది! ఎందుకంటే మన గ్రిడ్ చదరపు గళ్ళు, నడుమేమో వృత్తం. పైగా సరిగ్గా అక్కడే సర్ఫేసు నిట్టనిలువుగా ఉంటుంది. గ్రిడ్ ఎంత సన్నం చేసినా ఆ గాటు చిన్నదవుతుంది తప్ప పోదు. అదే ఈక్వేషన్ని ఇంకోలా రాస్తే ఈ తలనొప్పే లేదు:

ఎక్స్ = 2 + 2√(1 + టి²) కాస్ థీటా
వై = −3 + 2√(1 + టి²) సైన్ థీటా
జెడ్ = 1 + 2టి

థీటా గుండ్రంగా తిరుగుతుంది, టి ఎత్తు చూసుకుంటుంది. అతుకు లేదు, గాటు లేదు. ఇంకోలా కూడా రాయొచ్చు, ఇది నాకు మరీ ఇష్టం:

ఎక్స్ = 2 + 2(కాస్ థీటా − టి సైన్ థీటా)
వై = −3 + 2(సైన్ థీటా + టి కాస్ థీటా)
జెడ్ = 1 + 2టి

థీటాని కదలకుండా పట్టుకుని టి ని మార్చండి. వచ్చేది సరళరేఖ! ఇంత వంపులున్న ఆకారం మొత్తం తిన్నటి గీతలతోనే అల్లొచ్చు. వెదురు మోడా గుర్తు తెచ్చుకోండి, పుల్లలన్నీ తిన్ననివే, ఏటవాలుగా పెట్టేసరికి నడుమొస్తుంది. రష్యాలో షుఖోవ్ అనే ఇంజనీరు 1896లో తిన్నటి ఇనప కమ్మీలతో ఇలాంటి టవరే కట్టి చూపించాడు.

ఇక్కడ మా టీములో చిన్న వాదన నడిచింది. "ఈ తిప్పలన్నీ ఎందుకు బాసూ, మార్చింగ్ క్యూబ్స్ పెట్టేస్తే ఏ ఈక్వేషన్ అయినా అదే గీసేస్తుంది" అన్నాడు ఒక మిత్రుడు. 1987 నాటి ఆల్గారిథమ్, మంచిదే, కాదనను. కానీ పైన ఈక్వేషన్లో 8 బదులు 11.99 పెట్టి చూడండి. నడుము వ్యాసార్థం 0.1 కి దిగుతుంది. గడి సైజు 0.25 అనుకోండి, కేంద్రం సరిగ్గా గడి మధ్యలో పడిందనుకోండి. ఆ గడి ఎనిమిది మూలల్లోనూ విలువ పాజిటివే వస్తుంది. "ఇక్కడేం లేదు" అనుకుని ముందుకెళ్ళిపోతుంది. స్క్రీన్ మీద రెండు విడి ముక్కలు కనిపిస్తాయి. ఒక్క ముక్కగా ఉన్నదాన్ని రెండని చూపిస్తే అది చిన్న లోపమా? కొంచెం గరుగ్గా గీస్తే సర్దుకుపోవచ్చు, అబద్ధం గీస్తే ఎలా? చూసేవాడు దాన్నే నమ్ముతాడు. అందుకే క్వాడ్రిక్ వస్తే ముందు వర్గాలు పూర్తి చేసి, జాతేదో తేల్చి, దాని పద్ధతిలోనే గీయాలని పట్టుబట్టాను. మిగతావాటికి క్యూబ్సే ఉంచాం.

అన్నట్టు ఎక్స్‌వై లాంటి జంట పదం ఉంటే వర్గం పూర్తి చేయడం ఒక్కటే చాలదు, అక్షాల్ని తిప్పాలి. ఇది రాస్తుంటే నాకు ఎక్కడో మండింది. బీటెక్ ఫస్టియర్ ఎం-1 లో "క్వాడ్రాటిక్ ఫారాన్ని కనానికల్ ఫారానికి మార్చి ర్యాంక్, ఇండెక్స్, సిగ్నేచర్ రాయండి" అని పది మార్కుల ప్రశ్న ఉండేది, గుర్తుందా? ఐగెన్ వాల్యూలు మూడూ కనుక్కుని, గుర్తులు లెక్కపెట్టి, గబగబా రాసేసి బయటపడేవాళ్ళం. ఆ ప్లస్సులూ మైనస్సులే కోడిగుడ్డుకీ కూలింగ్ టవర్‌కీ ఉన్న తేడా అని ఒక్కరూ చెప్పలేదు. "బొమ్మ వేయాలా సార్" అని ఎవరో అడిగితే "దానికి మార్కుల్లేవు" అని జవాబొచ్చింది! ఆయిలర్ మహానుభావుడు 1748లో ఈ ఆకారాలన్నిట్నీ వర్గీకరించి పెట్టాడు, చేతిలో కంప్యూటర్ లేకుండా. మన చేతిలో ల్యాప్‌టాప్ ఉండీ బొమ్మ చూడకుండానే పాసైపోయాం.

ఖాళీ ఉంటే జెడ్ = ఎక్స్‌వై ప్రయత్నించండి. ఎక్స్ బదులు (యు + వి)/√2, వై బదులు (యు − వి)/√2 పెడితే జెడ్ = (యు² − వి²)/2 వస్తుంది. 45 డిగ్రీలు తిప్పిన గుర్రపు జీను.