బొమ్మకు నడక నేర్పుట

బొమ్మను చేయుట యొక విద్య. దానిని ప్రాణమున్నట్లు కదలించుట మఱియొక విద్య. మన తెలుగుదేశమున ఈ రెండును చిరకాలమునుండి కలవు. తోలుబొమ్మలాట ఆడువారు తోలును పలుచన చేసి, ఆకారములు కోసి, రంగులు వేసి, భుజము, మోచేయి మొదలగు సంధులయొద్ద దారముతో కూర్చి, తెరవెనుక పుల్లలతో ఆడింతురు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఈ విద్య నేటికిని నిలిచియున్నది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించినది. మేము రెండు సంవత్సరములుగా తీరిక వేళలయందు అభ్యసించుచున్న విద్యయు ఆ జాతిలోనిదే. అయితే మా బొమ్మ తోలుతోగాని కొయ్యతోగాని చేయబడునది కాదు. కంప్యూటరు తెరపై అంకెలతోను గీతలతోను చేయబడునది.

మేము ఇరువురము అన్నదమ్ములము. ఈ పాఠశాలయందే తొమ్మిది, పది తరగతులలో చదువుచున్నాము. మా తండ్రిగారు వడ్రంగము చేయుదురు. ఇట్టి వారి బిడ్డలకు ఈ విద్య యెట్లు అందినదని పాఠకులు అడుగవచ్చును. మేము వాడునది బ్లెండర్ అను సాఫ్ట్‌వేర్. దీనిని నెదర్లాండ్స్ దేశమున టోన్ రోజెండాల్ అనునాయన 1994లో ఆరంభించెను. పిమ్మట దానిని నడపుచున్న సంస్థ మూతపడగా, 2002లో ప్రజలయొద్ద ఏడు వారములలో లక్ష యూరోలు వసూలుచేసి, దాని హక్కులు కొని, లోకమునకంతకును ఉచితముగా విడుదల చేసిరి. లాత్వియా దేశస్థుడగు గింట్స్ జిల్బలోడిస్ ఈ సాధనముతోనే 'ఫ్లో' అను చిత్రమును తీసెను. అందు ఒక్క మాటయు లేదు. పిల్లి మొదలగు జంతువుల కదలికలే కథను చెప్పును. దానికి 2025లో ఆస్కారు బహుమానము వచ్చినది. కనుక ఈ విద్యకు ధనముకంటె ఓపికయే పెట్టుబడి. మా పెద్దలు పాఠములు ముగిసిన పిదప రాత్రి ఒక గంట కాలము మాకు అనుమతించిరి. ఇంటనున్న పాత కంప్యూటరే మాకు సాధనము.

ఏ బొమ్మను చేయవలెనని మేము ఎక్కువ ఆలోచింపలేదు. గడచిన వానకాలమున మా నాయనమ్మకు తుంటియెముక విఱిగినది. ఆమె ఇప్పుడు వాకరు పట్టుకొని నాలుగడుగులు వేయును. తక్కిన కాలమంతయు మంచముపైననే. మా చెల్లెలికి నాలుగేండ్లు. దానికి నాయనమ్మ యనగా మంచముపై కూర్చున్న మనిషియే. ముప్పది యేండ్లు మంచినీళ్ల బావినుండి ఇత్తడిబిందెతో నీరు మోసి ఈ ఇంటిని నిలిపిన నడకను అది ఎఱుగదు. ఇంట ఆమె ఫోటోలు మూడున్నవి. మూడింటను నిలుచుండియో కూర్చుండియో యున్నది. రూపము ఫోటోలో నిలుచును గాని నడక నిలువదు. ఆ నడకను నిలుపవలెనని మేము నిశ్చయించుకొంటిమి.

మొదటి పని రూపనిర్మాణము. శిల్పి రాతినుండి ఆరంభించినట్లు, మేము తెరపై ఒక ఘనముతో ఆరంభించితిమి. దాని ముఖములను లాగుచు, విభజించుచు, నాలుగు భుజముల చిన్నచిన్న గడులతో వలవంటి దేహమును అల్లవలెను. కుడిసగము చేసిన యెడమసగము అద్దములోవలె తానే ఏర్పడును. అయితే మనిషి ముఖమున రెండు సగములును ఒక్కటి కావు. నాయనమ్మ యెడమ కనుబొమ కొంచెము పైకి ఉండును. చెవితమ్మెలు కమ్మల బరువునకు సాగియుండును. అద్దమును తీసివైచి ఈ భేదములను చేర్చిన దినముననే ఆ ముఖము ఆమెది యయినది.

మోచేయి, మోకాలు వంగుచోట గడులు ఎట్లుండవలెనో మాకు మా తండ్రిగారి పని చూచియే బోధపడినది. ఆయన తలుపునకు బందు బిగించుచు, "తిరిగే చోట సందు వదలకపోతే తలుపు పట్టేస్తుందిరా" అనిరి. సంధియొద్ద ఒక వరుస గడులుండిన వంగినప్పుడు చేయి నలిగిన గొట్టమువలె అగును. అచ్చట మూడు వరుసలు చుట్టినయెడల మడత చక్కగా పడును. కొయ్యకును అంకెకును ధర్మ మొక్కటియే.

పిమ్మట లోపల ఎముకలు అమర్చవలెను. ఒక యెముక కదలినపుడు పైచర్మములో నే భాగమెంత కదలవలెనో 0 మొదలు 1 వఱకుగల సంఖ్యలతో నిర్ణయింపవలెను. పూర్తిగా కదలు భాగము తెరపై ఎఱ్ఱగాను, ఏమియు కదలని భాగము నీలముగాను అగపడును. చీరె మమ్ము మిగుల శ్రమపెట్టినది. నిజమైన వస్త్రమువలె దానిని ఆడించుటకు మా యంత్రమునకు శక్తి చాలదు. కావున చీరె కుచ్చిళ్లలో ఆఱు ఎముకలు దాచి, కాలితోపాటు అవియు కదలునట్లు కట్టితిమి. ఈ పనికి రెండు నెలలు పట్టినది.

ఇక నడక. సినిమాయందు ఒక సెకనుకు 24 చిత్రములు గడచును. అడుగులో ముఖ్యముగా నాలుగు భంగిమలు చూపవలెను: మడమ నేలను తాకుట, దేహము బరువుతో క్రిందికి దిగుట, ఒక కాలు మఱియొక కాలిని దాటుట, దేహము పైకి లేచుట. వీని నడుమ చిత్రములను యంత్రము పూరించును. కాని ఎచ్చట తొందర, ఎచ్చట నిదానము అనునది మనమే చెప్పవలెను. కదలికను విభజించి చూచుట ఎంత యవసరమో 1878లో కాలిఫోర్నియాయందు మైబ్రిడ్జ్ అను ఫోటోగ్రాఫరు చూపెను. ఆయన వరుసగా కెమెరాలను నిలిపి పరుగెత్తు గుఱ్ఱమును చిత్రించెను. అప్పుడే నాలుగు గిట్టలును నేలను విడుచు క్షణమొకటి కలదని రూఢియైనది. అంతకుముందు శతాబ్దములుగా లోకము గుఱ్ఱములను చూచుచునే యుండెను!

మాకు చిత్రించుటకు నడకయే లేదు. కావున ఇంటివారి జ్ఞాపకములే మాకు కెమెరాలయినవి. కుడిచేయి బిందెను పట్టుకొనక ఊరకే ప్రక్కను ఆడునని మా తల్లిగారు చెప్పిరి. గడపయొద్ద ఒక్క క్షణము ఆగి కాలు ఎత్తునని మా తండ్రిగారు చెప్పిరి. నాయనమ్మను అడుగగా ఆమె నవ్వి, "నెత్తిన బిందె ఉంటే తల ఊగకూడదురా నాయనా. నడుము కిందనే ఆడాలి. మెడ దాని జోలికి పోకూడదు" అని చెప్పి, అరచేతితో మంచపుకోడుపై తన అడుగుల తాళమును వేసి చూపినది. మేము గడియారము పెట్టి లెక్కించితిమి. పది సెకనులకు పదునైదు అడుగులు. అనగా అడుగునకు 16 చిత్రములు. సామాన్యముగా అడుగునకు 12 చిత్రములు వేయుదురు. ఆ నాలుగు చిత్రముల నిదానమే బిందె బరువు.

పది సెకనుల చిత్రమునకు 240 బొమ్మలు కావలెను. మా యంత్రము ఒక్కొక్కదానిని మూడు నిమిషములలో గీచును. మొత్తము పండ్రెండు గంటలు. ఒక శనివారము రాత్రి దానిని పనిలో పెట్టి పడుకొంటిమి. మఱునాడు మధ్యాహ్నము తెరను మంచముకడకు తెచ్చి నాయనమ్మకు చూపితిమి. ఆమె మాటలాడక మూడుమాఱులు చూచినది. చెల్లెలు తెరను వ్రేలితో తాకి, "నాయనమ్మ నడుస్తోంది" అని గట్టిగా అఱచినది. అప్పుడు నాయనమ్మ కన్నులు తుడుచుకొని, "అంతా బాగుంది గాని, బిందెలో నీళ్లేవిరా? నేనెప్పుడూ వెలితి బిందె తేలేదు" అనెను.

నిండు బిందెలో నీరు అడుగడుగునకు అంచును తాకి తొణకుచుండును. రెండు చుక్కలు నుదుటిపై పడును. అవి పడినపుడు కన్ను రెప్పపాటు మూయును. నీటిని కదలించుట మనిషిని కదలించుటకంటె కష్టతరమని పెద్దలు చెప్పుదురు. ఈ వేసవి సెలవులలో మేము చేపట్టిన పని అదియే.

తోడి విద్యార్థులారా, ఈ విద్యను అభ్యసింపగోరు వారు ముందుగా యంత్రమును గూర్చి చింతింపవలదు. మీ యింట పెద్దవారు ఎట్లు లేచుదురో, ఎట్లు కూర్చుందురో, గడపను ఎట్లు దాటుదురో ఒక వారము శ్రద్ధతో చూడుడు. చూచినది పుస్తకములో గీయుడు. ప్రతి మనిషికిని చేవ్రాలువలె తన నడక కలదు. అది ఆ మనిషి కాళ్లలో ఉండగనే నేర్చుకొనుట మేలు.