పెయిన్స్‌హిల్: నడకలో విచ్చుకునే ఉద్యానం

ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, కోబమ్ సమీపాన మోల్ నది పక్కన ఉన్న పెయిన్స్‌హిల్, 18వ శతాబ్దపు ల్యాండ్‌స్కేప్ ఉద్యానాలకు, అంటే తిన్నని బాటలనూ కొలిచి వేసిన పూలమళ్ళనూ విడిచిపెట్టి నేల ఎత్తుపల్లాలతో, నీటితో, చెట్లతో సహజమనిపించే దృశ్యాలను కూర్చిన తోటలకు, విశిష్టమైన ఉదాహరణ. దీని యజమాని చార్లెస్ హామిల్టన్ 1738 నుంచి 1773 వరకు దీన్ని తీర్చిదిద్ది, చివరకు అప్పుల భారంతో అమ్మివేశాడు.

సందర్శకుడు పచ్చిక మైదానం దాటి గోథిక్ మందిరంలో అడుగుపెట్టేవరకు సరస్సు ఉన్న జాడే తెలియదు. ఆ కమానుల మధ్య నిలిచిన క్షణంలో మాత్రం లోయంతా ఒక్కసారిగా కళ్ళముందు పరుచుకుంటుంది. రాతికట్టడంలా కనిపించే ఆ మందిరం నిజానికి కలపతో చేసినది. నదికన్నా ఎత్తున ఉన్న సరస్సు కూడా మనిషి తవ్వించినదే కాబట్టి, నీటిని చక్రంతో పైకి తోడవలసి వచ్చింది. ఆ సరస్సులోని ద్వీపంలో ఉన్న కృత్రిమ గుహలో పైకప్పు నుంచి వేలాడే కొనలకు స్ఫటికాలను అతికించారు. నీటి మీద పడిన వెలుగు వాటిపై ప్రతిఫలించి గోడలన్నీ మెరుస్తాయి. ఒడ్డున ఉన్న మఠం పాడుబడినది కాదు, శిథిలంగా కనిపించేలా 1772లో కట్టినదే.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఎస్టేటు ముక్కలుగా అమ్ముడుపోగా, తోటను పొదలు కమ్మేశాయి. 1980 నాటికి ఎల్మ్‌బ్రిడ్జ్ స్థానిక పాలక మండలి 158 ఎకరాలను సేకరించగా, 1981లో ఏర్పడిన ట్రస్టు పురావస్తు తవ్వకాలనూ పాత చిత్రాలనూ సందర్శకుల రాతలనూ ఆధారం చేసుకొని పునరుద్ధరణ సాగించింది. 1998లో దీనికి వారసత్వ పరిరక్షణ సంస్థ యూరోపా నోస్ట్రా పతకం లభించింది. గుహ పునరుద్ధరణ 2013లో ముగిసింది.

అయితే కట్టడాలను నిలబెట్టడంతోనే ఈ పని పూర్తికాదు. ఒక చోటి నుంచి మరొక చోటిని చూడడానికి చెట్ల మధ్య విడిచిన తెరపిని దృష్టిరేఖ అంటారు. అది మూసుకుపోతే మందిరం చెక్కుచెదరకున్నా తోట దెబ్బతిన్నట్టే. హామిల్టన్ రచించినది కట్టడాల వరుసను కాదు, ఒకదాన్ని దాచి మరొకదాన్ని చూపించే నడకను. అందుకే ఇక్కడ ఏటేటా పొదలు కత్తిరించే తోటమాలి శ్రమ, గుహలో స్ఫటికాలు అతికించిన శిల్పి శ్రమకు ఏమాత్రం తీసిపోదు.