రోజూ నడిపితేనే ఫియటు

పాత కారు కొన్నానంటే ఎవరైనా ముందు అడిగేది 'ఎంతకు?' అని. ఆ వెంటనే 'ఆదివారాలు సరదాగా తిప్పడానికా?' అంటారు. 'కాదండీ, రోజూ ఆఫీసుకు వెళ్లడానికి' అని చెబితే మాత్రం అదోలా చూస్తారు. పటమట నుంచి గవర్నరుపేటకు వెళ్లి రావడానికి, రైతుబజారు నుంచి కూరగాయలు తేవడానికి, చుట్టాల్ని రైల్వేస్టేషనులో దింపడానికి నేను వాడుతున్నది 1989 మోడల్ ప్రీమియర్ పద్మిని. 2021లో కొన్నాను. బెజవాడ ఎండలో, బెంజిసర్కిల్ ట్రాఫిక్‌లో అదెలా కుదురుతుందని చాలామంది అడుగుతుంటారు. వాళ్లకోసమే ఈ నాలుగు మాటలు.

మా ఇంట్లో కారు ఎప్పుడూ లేదు. నాన్నకు మొదట సైకిలు, తర్వాత స్కూటరు. ఆ రోజుల్లో వీధిలో కారు వచ్చిందంటే అంబాసిడరైనా అయి ఉండాలి, ఫియటైనా అయి ఉండాలి. పేరుకు పద్మినే కానీ మనవాళ్ల నోట అది చివరిదాకా ఫియటే. ఇటలీ వాళ్ల ఫియట్ 1100 కారును ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేసేది. 1964లో 1100 డిలైట్‌గా వచ్చిన బండే 1974లో రాజపుత్ర రాణి పేరు పెట్టుకుని పద్మిని అయింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లట దానికోసం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఆ వైభోగం తగ్గుతూ వచ్చింది. కొత్త శతాబ్దం మొదట్లో తయారీ ఆగిపోయింది. ముంబయిలో నలుపు పసుపు ట్యాక్సీలుగా మిగిలిన పద్మినిలు కూడా ఇరవై ఏళ్ల వయోపరిమితి దాటడంతో 2023 అక్టోబరు చివర్లో సెలవు తీసుకున్నాయి.

కారుకంటే ముందు మెకానిక్

పాత బండి కొనాలనుకునేవాళ్లు ముందు వెతకాల్సింది కారు కాదు, దాన్ని బాగుచేసే మనిషిని. ఆ విషయంలో బెజవాడ వాళ్లం అదృష్టవంతులం. మనకు ఆటోనగర్ ఉంది. లారీ ఛాసిస్ మీద తొట్టి కట్టేవాళ్ల దగ్గర్నుంచి గేరుబాక్సు పళ్లు చెక్కేవాళ్ల దాకా అక్కడ దొరకని పనివాడు లేడు. నేను 'బాబాయ్' అని పిలిచే పెద్దాయన అక్కడే నలభై ఏళ్లకు పైగా ఫియట్లు విప్పుతూ బిగిస్తూ ఉన్నారు. బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన్ను వెంట తీసుకెళ్లాను.

నేను మెరిసే రంగు చూస్తున్నాను. ఆయన మోకాళ్లమీద కూర్చుని కాళ్లకింద వేసిన పట్టా ఎత్తి చూశారు. స్క్రూడ్రైవరు పిడితో రేకును టకటకా కొట్టి చూశారు. పద్మినికి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బలం. అడుగు రేకు, తలుపుల కింది పట్టీ తుప్పు పడితే ఎంత మంచి ఇంజను ఉన్నా దండగే. 'ఇంజనుదేముంది బాబూ, దింపి చేసుకోవచ్చు. రేకు పోతే మనం చేసేది అతుకులే' అన్నారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండి అయితే ఈ పరీక్ష మరీ జాగ్రత్తగా చేయాలంటారాయన. ఈ బండిలో డ్రైవరు పక్కన జానెడు మేర మాత్రమే తుప్పు కనిపించింది. బేరం లక్షా పదివేలకు తెగింది. టింకరింగుకూ, బ్రేకులకూ, వైరింగుకూ మరో డెబ్బై వేలయ్యాయి. ఈ రెండో లెక్క ముందే వేసుకోనివాళ్లు పాత కారు జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నిలబెడితే చెడుతుంది

పాత కారును గుడ్డ కప్పి దాచుకుంటే పదిలంగా ఉంటుందనుకుంటాం. నిజానికి అదే దానికి చేటు. కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. పెట్రోలు సంగతి మరీను. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి దశలవారీగా వచ్చి 2025కల్లా దాదాపు అన్ని బంకులకూ చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి నిలబడితే ఆ నీరు అడుక్కి చేరి ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. పాతకాలం రబ్బరు పైపుల్నీ, పెట్రోలు పంపులోని డయాఫ్రాన్నీ మెత్తబరుస్తుంది కూడా. అందుకే బాబాయ్ మొదటి వారంలోనే పాత పైపులన్నీ తీసేసి ఇథనాల్‌కు తట్టుకునేవి వేశారు. పెట్రోలు వాసన వస్తే బండి తీయొద్దని గట్టిగా చెప్పారు.

రోజూ తిప్పితే బండి భాష కూడా మనకు తెలుస్తుంది. పొద్దున చోక్ ఎంత లాగాలో, స్టీరింగు పక్కనుండే గేరు రెండోది పడేటప్పుడు చెయ్యి ఎంత మెల్లగా కదలాలో వంటబడుతుంది. మే నెలలో ట్రాఫిక్‌లో పావుగంట ఆగితే పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజను నిలిచిపోవచ్చు. పంపుమీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్లీ కదులుతుంది. నా డిక్కీలో రెండు లీటర్ల నీళ్లు, పాత తువ్వాలు, ఫ్యాను బెల్టు ఒకటి ఎప్పుడూ ఉంటాయి. ఏసీ లేదు. ముందు తలుపులకున్న ముక్కోణపు అద్దాలు తిప్పుకుంటే గాలి నేరుగా మొహానికి తగులుతుంది. లీటరుకు పదకొండు కిలోమీటర్లు వస్తే ఆ రోజు పండగే.

కాగితాల సంగతీ చెప్పాలి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. హరిత పన్ను కట్టాలి. 2024లో నేను పొడిగింపు ఫీజు ఐదు వేలు కట్టాను. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని పదివేలు చేశారు. యాభై ఏళ్లు నిండిన బండ్లకు 2021లో 'వింటేజ్' రిజిస్ట్రేషన్ అని ప్రత్యేకంగా తెచ్చారు. మర్యాద బాగానే ఉంది కానీ ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ఇంకా పాత బండి కొని రోజూ నడపాలనుకునేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఆవిడ పెట్టిన షరతు

డబ్బు, ఎండ, కాగితాలు... వీటన్నిటికీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. బండి ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, 'మీ సరదాకు నేను అడ్డురానండీ. పాపను ఇందులో హైవే ఎక్కించనని మాత్రం మాటివ్వండి' అంది. దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇది 1950ల నాటి ఆలోచన. ఎయిర్‌బ్యాగులు లేవు. గుద్దుకుంటే ఆ దెబ్బను తను తీసుకుని నలిగిపోయేలా తీర్చిన ముందుభాగం కాదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. వానలో తడిస్తే పట్టు తగ్గుతుంది. లోపలి రేకుకు మందపాటి ప్లేట్లు వెల్డింగు చేయించి నాలుగు సీట్లకూ బెల్టులు బిగించాం. అంతమాత్రాన ఇది ఇవాళ్టి కారంత భద్రమైపోదు. అందుకని ఊళ్లోనే, నలభై దాటకుండా, ముందు బండికి బాగా ఎడం ఉంచి నడుపుతాను. గుంటూరు వెళ్లాలన్నా మాకు రైలే. పెద్ద వాన కురిస్తే ఆటో. పాత కారుమీద ప్రేమ ఉండొచ్చు. ఆ ప్రేమకు పిల్లల్ని పూచీ పెట్టకూడదు.

ఇక నాకు నిజంగా దిగులు పుట్టించేది విడిభాగాలు కాదు. అవి వెతికితే పాతసామాను కొట్లలోనైనా దొరుకుతాయి, దొరక్కపోతే ఆటోనగర్‌లో లేతు మీద చేయించుకోవచ్చు. బాబాయ్‌కి డెబ్బై దగ్గరపడింది. కంటికి శుక్లాల ఆపరేషను అయింది. ఆయన కొడుకులిద్దరూ వేరే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. 'కుర్రాళ్లు కంప్యూటరు తగిలించి రోగం చెబుతున్నారు బాబూ. దీనికి ఎక్కడ తగిలిస్తారు? చెవి పెట్టి వినాల్సిందే' అంటారు. కార్బొరేటరు ట్యూనింగుకు ఆయన వాడేది చిన్న స్క్రూడ్రైవరు, సొంత చెవి. ఆ చెవి ఏ కొట్లోనూ దొరకదు.

అందుకే ఏడాదిగా నెలకు రెండు ఆదివారాలు ఆయన షెడ్డుకు వెళ్తున్నాను. పాయింట్ల మధ్య సందు సరిచేయడం వచ్చింది. టాపెట్లు పెట్టడం సగం వచ్చింది. చప్పుడు విని జబ్బు చెప్పడం ఇంకా రాలేదు. మా పాప కూడా అప్పుడప్పుడూ వచ్చి ఫీలర్ గేజి పట్టుకుంటుంది. బండి రిజిస్ట్రేషను గడువు 2029దాకా ఉంది. ఆలోపు ఆ చెవి కాస్తయినా అబ్బితే మరో ఐదేళ్లకు పదివేలు కడతాను. అబ్బకపోతే, బాబాయ్ లాంటి మనిషి అందుబాటులో ఉన్న ఇంకెవరికైనా తాళం చేతికిస్తాను. గుడ్డ కప్పి మాత్రం ఉంచను.