తుమ్ముతో కదిలిన చేయి

మా చిన్నవాడు మోటారు సైకిలు మీది నుండి పడిన రోజున మేము అడిగినది ప్రాణం గురించి మాత్రమే. అల్లాహ్ దయ వలన ప్రాణం నిలిచింది, విరిగిన కాలర్ బోన్ అతుక్కుంది. కుడి చేయి మాత్రం తాడులా వేలాడుతూనే ఉంది. "దెబ్బ తగిలిన చేయి, నెమ్మదిగా అదే వస్తుంది" అన్నారు బంధువులు. ఆ మాట తీయగా ఉన్నందున నమ్మి, నూనె మర్దనలతో మూడు నెలలు పోగొట్టుకున్నాము. రాత్రులు చేయి నిప్పుల్లో పెట్టినట్లు మండుతోందని వాడు ఏడ్చేవాడు. స్పర్శ లేని చేతికి మంట ఎక్కడిదని సందేహించాము కూడా. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు కలుగుతుంది.

చివరకు హైదరాబాదులో వైద్యులు విడమరచి చెప్పారు. మెడ దగ్గర వెన్నుపాము నుండి 5 నరాల మూలాలు బయలుదేరి, జడలా అల్లుకుని చేతినంతటినీ నడుపుతాయి. పడినప్పుడు తల ఒకవైపుకు, భుజం మరొకవైపుకు లాగబడి అవి మొదలంటా పెకలిపోయాయి. వాటిని తిరిగి వెన్నుపాముకు కుట్టలేరు. అప్పు తేవలసిందే! శ్వాసకు తోడ్పడే పక్కటెముకల నరాలలో మూడింటిని మళ్లించి, మోచేతిని వంచే కండరపు నరానికి కలుపుతారు. నరం అందని కండరం క్రమంగా ఎండిపోతుంది. 6 నెలల లోపు చేస్తే మేలు, ఏడాది దాటితే ఆశ సన్నగిల్లుతుంది. పరీక్షలు ముగిసి, డబ్బు సమకూరేసరికి ఐదవ నెల వచ్చింది.

శస్త్రచికిత్స తరువాత నెలల తరబడి ఏ మార్పూ లేదు. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుందట.

పదవ నెలలో ఒకనాడు ఫజ్ర్ నమాజు తరువాత వాడు గట్టిగా తుమ్మి "అల్హందులిల్లాహ్" అన్నాడు. "యర్హముకల్లాహ్" అనవలసిన వాడి తల్లి నోట మాట లేదు. తుమ్ముతో పాటు కుడి దండలో కండ ఉలిక్కిపడటం ఆమె చూసింది! మళ్లీ తుమ్మమని ఆమె, రాదని వాడు. చివరకు దగ్గించి చూశాము. మళ్లీ కదిలింది.

అప్పు తెచ్చిన నరానికి తెలిసిన పని శ్వాస ఒక్కటే. అందుకే మొదట్లో గుండెల నిండా గాలి పీలిస్తే గాని మోచేయి వంగేది కాదు. రోజూ వ్యాయామం చేయగా చేయగా, ఇప్పుడు మాట్లాడుతూనే వంచగలుగుతున్నాడు. మోచేతికి సంచి తగిలించుకుని బజారు నుండి కూరగాయలు తెస్తాడు. వేళ్లకు మాత్రం శక్తి రాలేదు. తొడలోని ఒక కండరాన్ని రక్తనాళాలతో, నరంతో సహా తెచ్చి చేతిలో అమర్చే వీలుందని వైద్యులు అంటున్నారు. ఇంకొక కోత వద్దంటాడు వాడు. మేము ఒత్తిడి చేయడం లేదు.

దుఆ సమయంలో కుడి చేయి తానుగా లేస్తుంది. వేళ్లు ముడుచుకునే ఉంటాయి. ఎడమ చేతితో వాటిని ఒక్కొక్కటిగా విప్పి, అరచేతిని పైకి తిప్పుకుంటాడు. అంతవరకు మేమూ ఆగుతాము.