పదిమంది చేతిలో పాము

"పదిమంది చేతిలో పాము చావదు" అని మన పెద్దలంటారు. ఒకడు కొడతాడులే అని మరొకడు ఊరుకుంటే పాము సందు చూసుకొని పోతుంది. కర్మాగారాల గోడలమీద "నాణ్యత అందరి బాధ్యత" అన్న మాట చూసినప్పుడెల్లా నాకు ఆ సామెతే గుర్తుకొస్తుంది. అందరిదీ అన్న పని ఎవరిదీ కాకుండా పోకూడదంటే ఏమి కావాలి? ముప్పై సంవత్సరాలు లేతు మిషను మీద పనిచేసినవాడిగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మేము చేసేవి వ్యవసాయ పంపు మోటార్లు. షాఫ్టులు టర్నింగు చేయడం నా పని. బేరింగు కూర్చునే చోట షాఫ్టు కొలత మిల్లీమీటరులో నూరోవంతులు రెండు మూడు తగ్గినా చాలు, బేరింగు బిగువుగా పట్టదు. అది తల వెంట్రుక మందంలో సగమైనా ఉండదు. కొన్ని వారాలు తిరిగేసరికి బేరింగు వదులై, వేడెక్కి, చివరకు మోటారే కాలిపోవచ్చు. అదెక్కడ కాలుతుంది? కర్మాగారంలో కాదు, పొట్టకొచ్చిన వరిచేను ప్రక్కన, బావి గట్టున. ఆ రైతు నష్టం మోటారు ఖరీదుతో పోయేది కాదు.

"చివర్న ఇన్‌స్పెక్టరు ఉన్నాడు గదా!" అని చాలామంది అనేవారు. నిజమే, ఆయన మోటారును కాసేపు తిప్పి చూస్తాడు. కాని ఆ కాసేపట్లో ఈ వదులు బయటపడదు. అది తెలిసేది ఇద్దరికే. ఒకరు షాఫ్టు చేసినవాడు, రెండవవారు బేరింగు ఎక్కించినవాడు.

మా దగ్గర గోడమీద ఆ మాట వ్రాయించిన నెలలోనే ఒక సంగతి జరిగింది. ప్రెస్సుతో ఎక్కవలసిన బేరింగు చేతితో నెడితేనే జారిపోతున్నదని బేరింగులు ఎక్కించే కుర్రవాడు పని ఆపాడు. "లెక్క తగ్గితే నీ జీతంలో కోస్తాం" అని సూపర్‌వైజరు అందరి ముందూ కేకలేశాడు. ఆ తరువాత చాలాకాలం ఎవరూ నోరు విప్పలేదు. బాధ్యత అప్పగించారు గాని, ఆపే అధికారం ఇవ్వలేదు. అట్టి బాధ్యతకు మరో పేరు నింద.

జపానులో వడ్రంగి కుమారుడైన సకిచి టొయోడా 1924లో రూపొందించిన మరమగ్గం దారం తెగితే దానంతట అదే ఆగిపోయేది. తప్పు బట్ట ఒక్క జానెడు కూడా ముందుకు సాగకూడదని ఆయన ఉద్దేశం. ఆ కుటుంబమే నెలకొల్పిన టయోటా కార్ల కంపెనీలో ఈ ఆలోచన మనుషుల చేతికి వచ్చింది. పనివాని తలపైన ఒక త్రాడు ఉంటుంది. తేడా కనబడితే ఎవరైనా దాన్ని లాగవచ్చు. దీపం వెలుగుతుంది, జట్టు నాయకుడు వస్తాడు. వెంటనే సరిపడితే సరి, లేకపోతే లైను ఆగుతుంది.

1962లో జపానులోనే మొదలైన "క్వాలిటీ సర్కిల్" పద్ధతి మన దేశంలో మొట్టమొదట 1980లో మన హైదరాబాదు ప్రక్కనే, రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో అడుగుపెట్టింది. ఒకచోట పనిచేసే కొద్దిమంది తమంతట తాము కూడుకొని, తమ పనిలోని చిక్కులను తామే వెదకి పరిష్కరించుకోవడమే ఆ పద్ధతి.

మా కర్మాగారానికి కొత్తగా వచ్చిన ఫోర్‌మన్ ఇలాంటి కూడికనే వారానికి ఒక గంట పెట్టించాడు. అనుమానం కలిగిన వస్తువుకు ఎవరైనా ఎర్రచీటీ కట్టవచ్చునన్నాడు. కట్టినవానిని ఏమీ అనరాదన్నాడు. మూడవ కూడికలోనే బేరింగుల సంగతి తేలింది. మూడు షిఫ్టులకూ ఒకటే మైక్రోమీటరు. ఎప్పుడు క్రింద పడిందో గాని దాని సున్నా తప్పింది. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. దానిని సరిచూడడం ఎవరి పనో ఎవరూ చెప్పలేదు. ఆనాటి నుండి ప్రతి షిఫ్టు మొదట్లో దాన్ని సరిచూసి, పుస్తకంలో సంతకం చేయడం నియమమైంది. "అందరి బాధ్యత"కు అప్పుడు ఒక పేరు, ఒక వేళ ఏర్పడ్డాయి.

ప్రియ పాఠకులారా, మీ పిల్లలు మందుల కంపెనీలోనో, రొయ్యల ఫ్యాక్టరీలోనో పనికి కుదిరినప్పుడు జీతమెంత అని అడుగుతారు. మరొక ప్రశ్న కూడా అడగండి: "తేడా కనబడితే ఆపే అధికారం నీకుందా? ఆపితే నిన్నేమంటారు?" వారిచ్చే జవాబును బట్టి అక్కడ తయారయ్యే వస్తువు ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.