నీళ్లే కారణమని రాయలేదు

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట చుట్టూ కొబ్బరి, జీడితోటల మధ్య ఉండే ఊళ్లు. షుగరు లేనివాళ్లకు, బీపీ లేనివాళ్లకు కూడా ఇక్కడ కిడ్నీలు పాడైపోతున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరితోట నేలకూలింది. కొన్నాళ్లకే నాన్నకు డయాలసిస్ మొదలైంది. ఎమ్మెస్సీ డిజర్టేషన్‌కు మా బోరు నీళ్లనే ఎంచుకున్నాను. నీళ్లే చంపుతున్నాయని నిరూపించాలన్న కసి తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

పరీక్షల్లో, నేను అనుమానించిన సిలికా ఎక్కువగానే వచ్చింది. చిత్తుప్రతి చదివిన గైడ్ మేడమ్ పక్కన ఒక్క ప్రశ్న రాశారు: ‘ఒకే బోరు నీళ్లు తాగిన ఇంట్లో ఒకరికి జబ్బు వచ్చి, ఇంకొకరికి ఎందుకు రాలేదు?’ ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. మా కష్టాన్నే నమ్మడం లేదనిపించింది.

మళ్లీ ఊళ్లకు వెళ్లాను. జబ్బు బయటపడగానే చాలా ఇళ్లలో బోరు నీళ్లు మానేసి 20 లీటర్ల టిన్నులు కొంటున్నారు. ‘ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు’ అని మాత్రమే అడిగితే, జబ్బుకు టిన్ను నీళ్లే కారణమని లెక్క తేలుతుంది! అందుకే జబ్బుకు ముందు ఏళ్ల తరబడి ఏం తాగారో, ఎండలో ఎంతసేపు పనిచేశారో, నొప్పి మాత్రలు ఎన్ని మింగారో అడగాల్సి వచ్చింది. మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో ఇవన్నీ అడగడం ఎంత కష్టమో చెప్పలేను. మా చిన్నాన్న మండిపడ్డాడు: “నీళ్లు కాదని రాస్తావేటమ్మా? మరి మీ నాన్న దేనివల్ల ఇలగైపోనాడు?” నా దగ్గర జవాబు లేదు.

గ్రాఫు మరో దెబ్బ. ఊరికొక సగటు తీసి, నిలువు గీతను సున్నా నుంచి కాకుండా మధ్యలోంచి మొదలుపెడితే మా ఊళ్ల కడ్డీలు ఆకాశానికి అంటాయి. మేడమ్ ఒప్పుకోలేదు. ఒక్కో బోరును ఒక్కో చుక్కగా పెట్టించారు, జబ్బులేని ఊళ్లను కూడా అదే కొలతలో పక్కనే గీయించారు. రెండు గుంపుల చుక్కలు చాలాచోట్ల కలిసిపోయాయి. సిలికా అంతే ఉన్నా రోగులు లేని ఊళ్లు కళ్లెదుట కనిపించాయి.

ఎదుటివాదానికి విడిగా అధ్యాయం రాసింది ఆ చుక్కల్ని చూశాకే. తేలిగ్గా కొట్టిపారేయగల వాదాన్ని తెచ్చుకుని గెలవడంలో అర్థం లేదు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడ ఎండలో కష్టం, ఒంట్లో నీరు ఇంకిపోవడం ముఖ్య కారణాలని బలంగా వాదిస్తున్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులదీ ఇదే బాధ. నీళ్లు, ఎండ, పురుగుమందులు, వంశపారంపర్యం... వీటిలో ఏ ఒక్కదాన్నీ నా లెక్కలు తేల్చలేవు.

ముగింపు రాస్తుండగా నాన్న పోయారు. పెద్దకర్మ అయ్యాక తిరిగి కూర్చుని, ‘నిరూపితమైంది’ అన్న మాట కొట్టేశాను. సిలికా ఎక్కువగా ఉందని, కానీ దానివల్లే జబ్బు వస్తోందని ఈ లెక్కలతో చెప్పలేమని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి పరీక్షిస్తే తప్ప తేలదని రాశాను. కారణం తేలేదాకా ఆగకుండా మంచినీళ్లు ఇవ్వాలని మరో వాక్యం చేర్చాను. వైవాలో దాని మీదే వాదన జరిగింది. నేను తీయలేదు.

హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. జబ్బుకు అసలు కారణం అప్పటికీ తేలలేదు.